ఇల్లు ఆరనివ్వు, అమ్మలూ

చి. సౌ. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మలు ఇంటికి ప్లాస్టింగ్ కూడా అయిపోయింది, వచ్చే వారం కార్పెంటర్లు దిగుతున్నారు" అన్నాడు. శ్రీకాకుళంలో నీ పేరు మీద, నీ జీతంతో ఇల్లు! మన ఇంట్లో ఆడపిల్ల పేరు మీద పునాది తీయడం ఇదే మొదలు. ఆ మాట మీ పెద్దమ్మకి చెప్పబోతే నాకు గొంతు పట్టేసింది. తర్వాత వాడు ఇంకో మాట కూడా అన్నాడు. మాఘంలో గృహప్రవేశం, ఆ వారమే సామాన్లు దించేసి కాపురం, ఫాల్గుణంలో పురుడు. పుట్టింటికి కూడా రావట, కొత్త ఇంట్లోనే ఉంటావట. అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

సిమెంటు, ఇసుక, కమ్మీ గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాస్తు చెప్పేవాళ్లు ఇంకా ఎక్కువ. ముప్పై రెండేళ్లు సైటు సూపర్‌వైజరుగా చేశాను, ఇంట్లో పీల్చే గాలి గురించి అడిగిన యజమానిని ఒక్కణ్ణీ చూడలేదు. నేనూ అడగలేదు. ఆ కథ నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

1998లో విజయనగరంలో మన ఇల్లు కట్టాను. అద్దె ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమంటున్నారని శ్రావణంలో ముహూర్తం పెట్టించాను. ఆషాఢం వానల్లో ప్లాస్టింగ్ అయింది. పెయింటరు వచ్చి పడకగది గోడకి అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచి, "ఇంకా చల్లగా ఉంది బాబూ, ఒక్క నెల ఆగండి" అన్నాడు. ఎన్నో ఇళ్లు చూసిన చెయ్యి అది. నేను వినలేదు. వినకపోగా, కడుక్కోవడానికి బాగుంటుందని ఆ గదికి ఎనామిల్ పెయింటు వేయించాను. తడి గోడకి ఎనామిల్ వేయడమంటే తడి బట్టని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టడమే. దానికి తోడు, తక్కువలో వస్తుందని పార్టికిల్ బోర్డుతో, అంటే కర్రపొట్టుని జిగురుతో అదిమి చేసే చెక్కతో, ఉత్తరపు గోడకి ఆనించి నిండా అల్మరా కట్టించాను. గోడకీ దానికీ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. బయట వాన, అందుకని కిటికీలు మూసే ఉండేవి.

ఆ అల్మరా తలుపు తీస్తే కళ్లు మండి నీళ్లు తిరిగేవి. మీ పెద్దమ్మ అడిగితే "కొత్త ఇంటి వాసన, పోతుందిలే" అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండేది. మీ అక్కకి అప్పుడు నాలుగేళ్లు. భాద్రపదానికి రాత్రిళ్లు దగ్గు మొదలైంది. ఆశ్వయుజానికి పిల్లికూతలు. అర్ధరాత్రి భుజాన వేసుకుని వరండాలో తిప్పితే నెమ్మదించేది, గదిలో పడుకోబెడితే మళ్లీ మొదలు. బయట తగ్గుతోంది, లోపల పెరుగుతోంది. ఆ ఒక్క సంగతి చాలు నాకు అర్థం కావడానికి. అర్థం చేసుకోలేదు. మందులు మార్పించాను.

చివరికి ఒక డాక్టరు గారు ఛాతీ చూసి, "ఇల్లు ఎప్పుడు కట్టారు? పాప ఏ గదిలో పడుకుంటుంది?" అని అడిగారు. ఆ సాయంత్రం ఇద్దరు మనుషుల్ని పిలిచి అల్మరా జరిపించాను. నేల దగ్గర నుంచి నడుం ఎత్తు దాకా నల్లటి బూజు. తడిసిన గోనెసంచి వాసన. ఎనామిల్ బుడగలు కట్టి ఉంది, ఒక బుడగని గోటితో గీరితే నీటి చుక్క జారింది. ఆ గోడకి ఇవతల, అల్మరా పక్కనే, పిల్ల తలగడ.

మా నాన్నకి ఉబ్బసం ఉంది కాబట్టి అంతా ఇంటి వల్లేనని డాక్టరు గారు అనలేదు. కానీ అల్మరా పారేసి, ఎనామిల్ గీకించి, గోడ ఎండాక సున్నం వేయించాక పిల్లకి చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చలిగాలి తిరిగితే దాని హ్యాండ్‌బ్యాగులో ఇన్‌హేలర్ ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ఆ పెయింటరు అరచెయ్యి గుర్తొస్తుంది.

ఇప్పుడు అర్థమైందా నాకు నిద్ర ఎందుకు లేదో.

ఆ కళ్లమంట ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. పార్టికిల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. (కర్ర పీచుని అదిమి చేసే బోర్డు), మామూలు ప్లైవుడ్ అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన రసాయనం ఉంటుంది. అది కొత్తలో ఎక్కువగా, తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా గాలిలోకి వస్తుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. మన సముద్రపు ఒడ్డున ఆ రెండింటికీ కొదవేముంది? అది క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నిన్ను భయపెట్టాలని కాదు, కార్పెంటరు "ఏ బోర్డైనా ఒకటే మేడమ్" అంటే ఊరుకోకు. బోర్డు మీద ఈ-జీరో లేదా ఈ-వన్ అని ఉందా చూడు, ఆ రసాయనం తక్కువ వదిలే రకాలకి గుర్తులవి. ప్లైవుడ్ అయితే ఐ.ఎస్. 710 ముద్ర (నీటికి తట్టుకునే రకానిది) చూడు, అందులో వాడే ఫినాల్ జిగురు తక్కువ వదులుతుంది. కోసిన అంచులన్నీ, కనపడని వెనక వైపు కూడా, మూయించు. ఏ అల్మరా అయినా గోడకి రెండంగుళాలు ఎడంగా ఉండాలి. బిడ్డ పడుకునే గదిలో మాత్రం కొత్త బోర్డే వద్దు. నీ పెళ్లికి పెట్టిన ఇనప బీరువా చాలు. అరలు కావాలంటే రెండు పనస చెక్కలు కొట్టించు, బొబ్బిలి వీణలు చేసే కర్ర అది.

కిటికీల సంగతి. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తలుపులు కాకుండా, గది నేలలో ఆరో వంతు కిటికీలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉంది. పదీ పన్నెండు గదికి ఇరవై చదరపు అడుగులు. నువ్వు స్లైడింగ్ కిటికీలు పెడుతున్నావని విన్నాను. అవి ఎంత పెద్దవైనా తెరుచుకునేది సగమే. పడకగదులకైనా రెక్కల కిటికీలు పెట్టించు, ఎదురెదురుగా రెండు ఉండేలా చూడు. లింటెల్ (కిటికీ మీద వేసే కాంక్రీటు దూలం) పైన వెంటిలేటర్ వదలమను. ఏసీ ఉందిగా అంటావు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు తల్లీ, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది.

మీ నానమ్మ కాపురానికి వచ్చింది చుట్టింట్లోకి. మట్టిగోడలు, తాటాకు, సంక్రాంతికి సున్నం. ఆ గోడలు తడి పీల్చేవి, వదిలేవి. అయినా పాత ఇళ్లే మంచివని నేను అనను. వంట పొగకి లోపలి వాసాలన్నీ నల్లగా మెరిసేవి. ఊదుగొట్టం పట్టుకుని దగ్గుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉన్న అమ్మే నా కళ్లలో ఉంది. గ్యాసు పొయ్యి అయినా మంట మంటే కాబట్టి, నీ వంటింట్లో పొయ్యి పైన గాలిని బయటికి తోసే ఫ్యాను తప్పకుండా ఉండాలి. పొగని తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం చిమ్నీ కొనకు.

తర్వాత కట్టిన పెంకుటింటి సింహద్వారం నీ ఇంటికి పెట్టుకుంటున్నావట. ఆ మాటకి ఏడుపొచ్చింది. కానీ ఆ తలుపు మీద నలభై ఏళ్ల పెయింటు ఉంది. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. పాత పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని ఇంట్లో పొడిగా గీకనివ్వకు, ఆ దుమ్ము కడుపులో బిడ్డకి కూడా చేటు. బయట, తడుపుతూ గీకమను. ఆ రోజు నువ్వు సైటుకి వెళ్లకు.

ఇంకా ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. బాత్రూములో గ్యాస్ గీజరు వద్దు, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. తిత్లీ తుఫాను అప్పటిలా రోజుల తరబడి కరెంటు పోయినా జనరేటరు ఇంటి లోపల పెట్టొద్దని అల్లుడుగారికి చెప్పు. మేడ మీద షెడ్డుకి ఆస్బెస్టాస్ రేకులు వద్దు, ఇనప రేకులు వేయించు. టెక్కలి గ్రానైట్ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమను, కోసే కుర్రాడికి మంచి మాస్కు నువ్వే కొనివ్వు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ప్లాస్టింగ్ క్యూరింగ్ అయ్యాక నెల రోజులు గోడలు ఎండాకే పుట్టీ, ప్రైమరు.

ఇక అసలు సంగతి. మాఘం ముహూర్తం మార్చొద్దు. పాలు పొంగించు, వ్రతం చేసుకో, ఆ రాత్రి కిటికీలన్నీ తీసుకుని హాల్లో నిద్ర చెయ్యండి. మర్నాడు తాళం వేసి పుట్టింటికి వచ్చెయ్యి. పురుడు ఇక్కడే. బిడ్డకి ఐదో నెల వచ్చాక సారెతో పంపిస్తాం. ఈలోగా ఎండాకాలమంతా ఇంటికి ఉంటుంది. "సొంత ఇల్లు పెట్టుకుని ఖాళీగా ఉంచడమా?" అని అత్తగారు అంటే నా పేరు చెప్పు, నేను వచ్చి మాట్లాడతాను.

తాళాల్లో ఒక జత మీ నాన్నతో పంపించు. నాకు ఇప్పుడు పనేముంది? ప్రతి ఆదివారం పొద్దున్న బస్సులో వచ్చి, కిటికీలూ అల్మరా తలుపులూ అన్నీ బార్లా తీసి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని మూసి వెళ్తాను. మిగతా రోజులకి పక్కింటి వాళ్లని అడిగి పెట్టు. నువ్వు బిడ్డతో వచ్చే ముందు గోడలన్నింటికీ చెయ్యి ఆనించి చూసి నీకు ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న
విజయనగరం