సోలార్ ప్యానెళ్ల కింద తిప్పతీగ వేసే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రైతుల పొలాల్లో సోలార్ కరెంటు కోసం కేంద్రం పెట్టిన పీఎం కుసుమ్ పథకంలో, స్తంభాల మీద ప్యానెళ్లు ఎత్తుగా పెట్టి, కింద పంట వేసుకునే వీలు 2019లోనే ఇచ్చారు. నువ్వు ఆ దారి పట్టడం బాగుంది. పిప్పళ్లు వేస్తానన్నావు గానీ, అవి పాడేరు, చింతపల్లి తేమకు అలవాటు పడ్డవి. మన అనంతపురం వడగాలికి నీడ ఒక్కటే చాలదు. తిప్పతీగ వెయ్యి, పక్కన ఒక వరస పొడపత్రి పెట్టు, అదీ మందు తీగే.

తొలకరి పడ్డాక ముదురు కాండం జానెడు ముక్కలు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటు. ముక్క తలకిందులు కాకుండా చూసుకో. కోసే ముందు ఆకు అడుగున వేలితో రాసి చూడు. నున్నగా ఉంటేనే మనకు కావాల్సింది. నూగు తగిలితే అది దీని చుట్టం, సరుకు తెలిసినవాడు తిప్పి పంపేస్తాడు.

వాన నీళ్లన్నీ ప్యానెల్ కింది అంచు నుంచి ఒకే గీతలో పడి మట్టిని కోసేస్తాయి. ఆ గీతకు మూరెడు లోపలికి నాటు. వాన పడినా నడిమి భాగం పొడిగానే ఉంటుంది కాబట్టి డ్రిప్ తప్పదు. అక్కడ వెలుతురు తక్కువ, కాండం సన్నగా సాగుతుంది. ముందు అంచు వరసలతో మొదలుపెట్టు.

అసలు టెన్షన్ తీగ పైకెక్కడంతోనే. తిప్పతీగ దారాల్లాంటి ఊడలు దించుతూ దొరికినదాన్నల్లా చుట్టేస్తుంది. సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడినా ఆ వరసంతా కరెంటు తగ్గొచ్చు, ప్యానెల్‌లో నీడ పడ్డ గడి (సెల్) వేడెక్కి పాడైపోవచ్చు. అందుకే స్తంభాలకు పాకనివ్వకు. వెదురు కర్రలు పాతి, నైలాన్ తాడుతో ఛాతీ ఎత్తులో విడిగా పందిరి వెయ్యి. ఇనప తీగ వద్దు. వానాకాలంలో వారానికోసారి కొసలు తుంచాల్సిందే, బద్ధకిస్తే కుదరదు. ప్యానెళ్ల వైర్లు పైపులో పెట్టించు, వాటి దగ్గర కొడవలి ఆడించొద్దని కూలీలకు గట్టిగా చెప్పు. స్విచ్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ ఆ వైర్లలో కరెంటు ఉంటుంది.

కాండం బొటనవేలంత లావయ్యాక అడుగు మోడు వదిలి కోయి, మళ్లీ చిగురిస్తుంది. ముక్కలు నీడలోనే ఆరబెట్టు. కొనేవాడితో ధర మాట్లాడుకోకుండా రెండో ఎకరం జోలికి పోకు.

నాటేందుకు ముక్కలు మా దొడ్లో వేపచెట్టు మీదున్న తీగ నుంచే ఇస్తాను. జూన్‌లో రా, పదునైన కత్తెర తెచ్చుకో.

మీ పెదనాన్న