ఆపరేషన్ తేదీ ఇప్పుడే ఖాయం చెయ్యొద్దు

చిరంజీవి బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న కుడి పాదం గడపకు తట్టుకుంటోందని, ఎమ్మారైలో నడుము డిస్కు ఉబ్బిందని, దానికి ఆపరేషన్ చెయ్యాలన్నారని రాశావు. యాభై దాటినవాళ్ళకు తీస్తే ఏదో ఒక డిస్కు ఉబ్బి కనబడటం మామూలే. డిస్కు నరాన్ని నొక్కితే సాధారణంగా తుంటి నుంచి కాలిదాకా లాగే నొప్పి, తిమ్మిరి ఉంటాయి. మీ నాన్నకు అవి రెండూ లేవు. పైగా పిక్క సన్నబడింది, తొడ మీద కండ దానంతటదే అదురుతోంది. స్పర్శ బాగానే ఉండి బలం మాత్రం పోతుంటే మోటార్ న్యూరాన్ జబ్బేమో చూడాలి, అంటే కండలను కదిలించే నరకణాలు చచ్చిపోయే జబ్బు. దానికి పేరు తేలేసరికి సగటున ఏడాది పడుతుంది. కాలితో మొదలైతే ఆ ఏడాది ఎముకల డాక్టర్ల దగ్గర పోతుంది. మాట ముద్దగా వచ్చి, నీళ్ళు తాగితే పొలమారేవాళ్ళకు గొంతు డాక్టరు దగ్గరో, పక్షవాతం మందులతోనో పోతుంది.

మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా మాత్రం ఆగకు. అది నడుముకు సంబంధించిన అత్యవసరం, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

చూపించాల్సింది న్యూరాలజిస్టుకి. ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్ వేరు, పొరబడొద్దు. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి గానీ, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి గానీ. రాయగడ నుంచి విశాఖకు పార్వతీపురం మీదుగా నేరుగా రైలుంది కదా. పాదం మొదట ఏ నెలలో తట్టుకుందో, అప్పటి బరువెంతో, ఇప్పుడెంతో ఒక కాగితం మీద రాసుకో. ఒడియాలో ఉన్న చీటీలుంటే ఇంగ్లీషులో రాయించుకో. నడక, తొడ అదురు, నాలుక, ఒక్కొక్కటి అర నిమిషం ఫోన్లో వీడియో తియ్యి. నాలుకను చాపించకు, నోట్లోనే వదులుగా ఉంచమను. చాపితే ఎవరికైనా వణుకుతుంది.

అసలు పరీక్ష ఈఎంజీ, కండలో సన్న సూది గుచ్చి అది పనిచేసే తీరు చూసేది. కరెంటు పెట్టి నరం వేగం చూసే పరీక్ష ఒక్కటే చేసి నార్మల్ అంటే సరిపోదు. ఈ జబ్బులో అది చాలావరకు బాగానే వస్తుంది. సూది కాలికే కాదు, చేతులకు, వీపు కండకు, నాలుకకు కూడా పెట్టాలి. బలం తగ్గని చోట కూడా నష్టం అప్పటికే మొదలై ఉండొచ్చు. ఆ రోజు ఒంటికి నూనె రాయొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పు. ఆయుష్మాన్ కార్డు ఓపీ ఖర్చులకు పనికిరాదు, బయట చేయిస్తే డబ్బు దగ్గర ఉంచుకో.

మెడ ఎమ్మారై, బీ12, థైరాయిడ్ కూడా అడుగు. మెడలో వెన్నుపాము నొక్కుకున్నా కాళ్ళు ఇలాగే బలహీనపడతాయి. మోటార్ న్యూరాన్ జబ్బును పోలిన మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే జబ్బుకైతే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు సెలైన్‌లా ఎక్కిస్తే గుణం కనిపిస్తుంది. అందుకే తొందర.

మొదటిసారి తేలకపోతే మూడు నెలలకు మళ్ళీ తేదీ తీసుకునే బయటికి రా. ‘ఏమీ లేదన్నారు’ అని ఊరుకునే ఇళ్ళలోనే కాలం పోతుంది. మోటార్ న్యూరాన్ జబ్బని తేలితే రిలుజోల్ అనే మందు 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. నయం చెయ్యదు, కొంత నెమ్మదింపజేస్తుంది. మొదట్లో నెలనెలా లివర్ పరీక్ష తప్పదు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, పొద్దున్నే తలనొప్పి ఉంటే ఊపిరి పరీక్ష చేయించు. నూనె మర్దనా మానమనను గానీ, దానికోసం డాక్టరు తేదీ వాయిదా వెయ్యకు.

మీ పెదనాన్న