రిపోజిటరీ మార్చే పని ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టును సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి మారుస్తున్నారట, ఆ పనితో రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటోంది. పైసా రాదు. ప్లేస్‌మెంట్లు దగ్గరపడుతున్నాయని మాకు టెన్షన్. మానేయమని చెప్పాలా?

జవాబు: మానేయమనకండి. వేళలు మార్చుకోమనండి చాలు.

సబ్‌వర్షన్, గిట్ రెండూ ప్రోగ్రామ్ కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ నమోదు చేసి ఉంచే సాఫ్ట్‌వేర్లు; ఆ కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటే రిపోజిటరీ. ఫైళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం పూటలో అయిపోతుంది. కష్టమంతా చరిత్రతోనే. ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఏళ్ల నాటి లెక్క చెడకుండా అవతలికి చేరాలి. సబ్‌వర్షన్‌లో మార్పు చేసిన మనిషికి మామూలుగా యూజర్‌నేమ్ ఒక్కటే ఉంటుంది. గిట్‌కి పేరు, ఈమెయిల్ రెండూ కావాలి. అందుకని లైనుకొకరి చొప్పున ఒక ఫైలు రాస్తారు: ఎడమ పక్క పాత యూజర్‌నేమ్, కుడి పక్క పేరు, ఈమెయిల్. ఎప్పుడో వదిలివెళ్లిన వాళ్ల వివరాలూ వెతికి పట్టుకోవాలి. ఒక్క లైను తప్పితే ఒకరి కష్టం ఇంకొకరి పేరున పడుతుంది. తర్వాత దిద్దుదామంటే ఆ కమిట్ (నమోదైన మార్పు) దగ్గర్నుంచి తర్వాతి హ్యాష్‌లన్నీ (ప్రతి కమిట్‌కీ గిట్ ఇచ్చే గుర్తింపు కోడ్‌లు) మారిపోతాయి, అప్పటికే క్లోన్ చేసుకున్న (తమ కంప్యూటర్లోకి కాపీ తెచ్చుకున్న) వాళ్లందరికీ ఇబ్బంది. పాత బగ్ రిపోర్టుల్లో '4127వ రివిజన్‌లో సరిచేశాం' అని సబ్‌వర్షన్ ఇచ్చిన వరస నంబరుతో ఉంటుంది, గిట్‌లో అలాంటి వరస నంబర్లే ఉండవు. దానికీ దారి చూడాలి.

1987లో తొలి విడుదలైన జీసీసీ కంపైలర్ (కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) 2020 జనవరిలో గిట్‌కి మారింది. ఏ టూల్‌తో మారిస్తే చరిత్ర సరిగ్గా వస్తుందన్న దాని మీదే అక్కడ పెద్ద చర్చ నడిచింది. కంపైలర్లకే సంబంధించిన ఇంకో ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం 2019లో మారింది. మీ అమ్మాయి చేస్తున్నది ఆ తరహా పనే.

'గిట్ వచ్చు' అని అందరి రెజ్యూమెలోనూ ఉంటుంది. 'పాతదీ కొత్తదీ ఒకటేనని ఎలా తేల్చుకున్నావు?' అని అడిగితే జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. ప్రతి రిలీజ్‌నీ రెండు చోట్ల నుంచీ దించి డిఫ్ తీయాలి, అంటే తేడాలు పోల్చి చూడాలి. ఖాళీ ఫోల్డర్లను గిట్ పట్టించుకోదు కాబట్టి అక్కడ తేడా కనిపిస్తుంది. అది తప్పు కాదని ఎందుకు వదిలేశారో ఆమె చెప్పగలిగితే, డెవాప్స్, బిల్డ్ అండ్ రిలీజ్ (సాఫ్ట్‌వేర్ తయారై విడుదలయ్యే ఏర్పాట్లు చూసే) ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఆమె మాటకు విలువ ఉంటుంది.

అయితే క్యాంపస్‌లో సాధారణంగా మొదట వచ్చేది ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్. అందులో ఈ పని ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టదు. రోజూ సాయంత్రం రెండు గంటలు కోడింగ్ ప్రాబ్లమ్స్‌కే పోవాలి, మైగ్రేషన్ (ఈ మార్చే పని) శని, ఆదివారాలకు. రాత్రి ఒంటిగంట వద్దు. నిద్రమత్తులో రాసిన స్క్రిప్ట్‌ని (ఈ పని చేసే చిన్న ప్రోగ్రామ్‌ని) పొద్దున మళ్లీ రాయాల్సి వస్తుంది.

కోప్పడకుండా ఆమెను రెండు సంగతులు అడగండి. మెయింటెయినర్లు (ప్రాజెక్టును చూసుకునేవాళ్లు) ఈ మార్పుకు ఒప్పుకున్నారా? పాత రిపోజిటరీని రీడ్-ఓన్లీ (చూడటమే తప్ప మార్చలేకుండా) చేసే తేదీ ఖాయమైందా? రెండింటికీ అవునంటే పూర్తిచేయనివ్వండి, స్క్రిప్టులు తన పేరుతో అందరికీ కనిపించేలా పెట్టమనండి. ఇంకా ఎవరూ ఒప్పుకోలేదంటే ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా పక్కన పెట్టమనండి.