పాఠకుల ప్రశ్నలు: ఏంజెల్ తొట్టిలో ఎవరెవరు ఉండొచ్చు?

ఏంజెల్ ఫిష్ గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. ఒకరి సందేహానికి జవాబు ఇంకొకరి ఉత్తరంలో దొరుకుతోంది, కాబట్టి మీది కాకపోయినా చదవండి.

ప్రశ్న: మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టి కొన్నాను. నిజం మొక్కలు నాటి ఏంజెల్స్ పెంచాలని కోరిక. ఎన్ని పెట్టొచ్చు? ఇవాళ నీళ్లు నింపితే రేపు చేపలు వదలొచ్చా?

జవాబు: రేపు కాదండీ, వచ్చే నెల. కోపం తెచ్చుకోకండి, ఎందుకో చెబుతాను. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది, అది చేపకు విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం వచ్చి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తే అప్పటికి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, ఎందుకంటే నైట్రేట్‌ని కొంత మొక్కలు తీసుకుంటాయి, మిగతాది మీరు నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఫిల్టర్ స్పాంజిలో, ఇసుక మీద. కొత్త తొట్టిలో అది సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు రోజూ చిటికెడు మేత ఖాళీ తొట్టిలో వేస్తూ ఉండండి, లేకపోతే బ్యాక్టీరియాకు తిండి ఉండదు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక, చూపించి కొన్నాళ్లు అలాగే నిలిచాక, అప్పుడు చేపలు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి కదా అని మోసపోకండి, అమ్మోనియాకు రంగు ఉండదు. తెలిసినవాళ్ల ఆరోగ్యకరమైన తొట్టిలో నడుస్తున్న ఫిల్టర్ స్పాంజి ముక్క దొరికితే మాత్రం సగం పని అయినట్టే.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని విరిచేసే మందు) వేయాల్సిందే. ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ, క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలిపే చోట ఆ చిట్కా పనిచేయదు, అది అంత తేలిగ్గా పోదు.

ఇక ఎన్ని అంటారా, మీ తొట్టి అంచుదాకా నింపితే 160 లీటర్లు. ఇసుక, మొద్దులు, పైన వదిలే ఖాళీ పోను 130 దాకా మిగులుతాయి. పెద్దయ్యాక నాలుగుకు మించి వద్దు. ఎత్తు విషయంలో మీరు మంచి పని చేశారు. పెరిగిన ఏంజెల్ ఒంటి పొడవు 15 సెంటీమీటర్లే అయినా పై రెక్క కొస నుంచి కింది రెక్క కొసకు కొలిస్తే 20 దాటుతుంది, అడుగు ఎత్తు తొట్టిలో అయితే అది ఇసుకకు రాసుకుంటూ తిరగాల్సిందే. ఒకటి చెప్పడం మరిచాను, ‘ఆల్టమ్’ ఏంజెల్ అని ఎవరైనా చూపిస్తే ఆశపడకండి. అది ఒరినోకో నది వైపు చేప, ఇంకా ఎత్తు పెరుగుతుంది, నీళ్లు బాగా మెత్తగా, అంటే లవణాలు చాలా తక్కువగా ఉండాలి. మామూలుగా దొరికేది అమెజాన్ ప్రాంతపు స్కేలేర్ అనే రకం ఏంజెల్, అదీ తొట్లలోనే తరతరాలుగా పెరిగింది, మనకు అది చాలు.

ప్రశ్న: రంగు గులకరాళ్లలో అమెజాన్ స్వోర్డ్, అనూబియాస్ నాటాను. నెల తిరక్కుండా స్వోర్డ్ ఆకులు పసుపయ్యాయి, అనూబియాస్ మొదలు దగ్గర కుళ్లి ఊడివచ్చింది. అద్దం నిండా పచ్చటి పాకుడు. లైటు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా వేస్తున్నాను. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టాలా?

జవాబు: సిలిండర్ అక్కర్లేదు. ముందు ఆ లైటు కట్టేయండి. పన్నెండు గంటల వెలుగు మీరు మొక్కలకు ఇస్తున్నాననుకుంటున్నారు, తింటున్నది పాకుడు. ఆరు గంటలతో మొదలుపెట్టి, మొక్కలు వేళ్లూనాక ఎనిమిదికి పెంచండి, ఒక టైమర్ పెట్టుకుంటే మన మతిమరుపుతో పని ఉండదు. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే తొట్టి జరపండి (నిండాక జరపలేరు, ఒట్టి నీళ్లే లీటరుకు కిలో బరువు).

అనూబియాస్ కుళ్లడానికి కారణం దాదాపుగా ఒకటే, దాని అల్లం కొమ్ములాంటి కాండాన్ని పాతిపెట్టి ఉంటారు. పాతితే అది చచ్చిపోతుంది. వేళ్లు కిందకు వెళితే వెళ్లనివ్వండి, కొమ్ము మాత్రం పైన ఉండాలి. దారంతో ఒక మొద్దుకో రాయికో కట్టేస్తే రెండు మూడు నెలల్లో అదే పట్టుకుంటుంది. జావా ఫెర్న్‌కూ ఇదే పద్ధతి. ఈ రెండూ తక్కువ వెలుగులో బతుకుతాయి, ఏంజెల్స్ కూడా నీడలోనే హాయిగా ఉంటాయి.

స్వోర్డ్ అలా కాదు, అది వేళ్లతో తినే మొక్క, తిండిపోతు. ఒట్టి గులకరాళ్లలో దానికేం దొరుకుతుంది? మొదలు చుట్టూ ఎరువు బిళ్లలు రెండు మూడు లోపలికి గుచ్చి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ పెట్టండి. ముసలి ఆకులు పసుపైతే పోనివ్వండి, నడిమి నుంచి వచ్చే కొత్త ఆకు రంగు చూసి తీర్పు చెప్పండి. కొత్తగా పెట్టేవాళ్లయితే అడుగున పోషకాల మట్టి, దాని మీద రెండంగుళాల సన్న ఇసుక. వెనక వరసలో వాలిస్నేరియా నాటితే రిబ్బన్లలా నీటిపైకి లేస్తుంది. అడవిలో ఏంజెల్ మునిగిన కొమ్మల మధ్య, నిలువు కాడల మధ్య తిరిగే చేప, ఆ పలచటి ఒళ్లు, నిలువు చారలు అందుకే. తెరిచిన మైదానంలాంటి తొట్టిలో పెడితే బెదిరి ఓ మూల నిలబడుతుంది. క్రిప్టోకొరైన్ తెచ్చిన వారానికే ఆకులన్నీ కరిగిపోతే పీకేయకండి, వేళ్లు బతికే ఉంటాయి, మళ్లీ చిగురిస్తుంది.

తొట్టిలో గవ్వలు, పగడపు ముక్కలు ఉంటే తీసేయండి, అవి నీటిలో లవణాలు పెంచి కఠినం చేస్తాయి. మొద్దు వేశాక నీళ్లు టీ రంగుకు తిరిగితే కంగారు వద్దు, ఏంజెల్స్‌కు అది పుట్టింటి నీరే.

ప్రశ్న: ఏంజెల్స్‌తో పాటు పన్నెండు నియాన్ టెట్రాలు వేశాను. ఆర్నెల్లలో ఏడయ్యాయి. ఒక్క శవం కనబడలేదు. ఎక్కడికి పోయాయి?

జవాబు: మీకు తెలుసు, నా నోటితో చెప్పించాలనుకుంటున్నారు.

నా మొదటి తొట్టిలో చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద ఏంజెల్స్ నాలుగు వేశాను, తోడుగా నియాన్లు. ఏడెనిమిది నెలలు ఎవరి దారి వారిది. ఒకరోజు తెల్లవారుజామున లైటు వేస్తే అన్నిటికంటే పెద్ద ఏంజెల్ నోట్లోంచి ఎర్రటి తోక ఒకటి బయటికి ఉంది, ఇంకా కొద్దిగా ఆడుతోంది. ఏంజెల్ మొహంలో ఏ మార్పూ లేదు, ఎప్పటిలాగే మేత కోసం అద్దం దగ్గరికి వచ్చింది! పేరులోనే దేవదూత, కుటుంబం మాత్రం దూకుడు చేపలైన సిక్లిడ్‌లది. నోట్లో పట్టేదంతా దానికి మేతే. నియాన్ ఎంత పెరిగినా మూడు, మూడున్నర సెంటీమీటర్లు, సన్నటి ఒళ్లు. కలిసి పెరిగితే తినదు అని చెప్పేవాళ్లున్నారు, నేనూ విన్నాను, ఫలితం పైన రాశాను.

కాబట్టి తోడు చేపను చూసేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోండి: ఏంజెల్ నోట్లో ఇది పడుతుందా? ఏంజెల్ రెక్కలను ఇది కొరుకుతుందా? ఐదు సెంటీమీటర్లు పెరిగే రమ్మీ నోస్ టెట్రాలు గుంపుగా ఎనిమిది దాకా వేస్తే మొదటి గండం చాలావరకు గట్టెక్కుతాయి, కానీ బుల్లివి కొని వేయకండి, పెరిగినవి చూసుకోండి. అడుగున కోరిడోరాస్ ఆరు, వాటి మీసాలు అరక్కుండా ఉండాలంటే గరుకు రాళ్లు కాదు, నున్నటి ఇసుకే ఉండాలి. పాకుడు గీకడానికి బ్రిసిల్‌నోస్ ప్లెకో ఒక్కటి. పెర్ల్ గౌరామి కూడా మెతక చేపే, కాస్త పెద్ద తొట్టయితే బాగుంటుంది.

టైగర్ బార్బ్, సెర్పే టెట్రా అసలు వద్దు, ఏంజెల్ కింది రెక్కల తీగలు వాటికి ఆటబొమ్మలు. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, ఏంజెల్‌కి 25 నుంచి 28 డిగ్రీలు, వాళ్ల కాపురం కుదరదు. ఆస్కార్ అనే పెద్ద చేప ఏంజెల్‌నే మింగుతుంది. మామూలు ప్లెకో అడుగు దాటి పెరుగుతుంది, పైగా రాత్రిపూట ఏంజెల్ పలకలాంటి ఒంటికి అతుక్కుని జిగురు గీకుతుంది. చిన్న రొయ్యలు వేస్తే ఖరీదైన మేత వేసినట్టే.

వదిలే వరస కూడా ముఖ్యం. ముందు టెట్రాలు, కోరిడోరాస్, రెండు మూడు వారాలాగి ఏంజెల్స్. ముందే ఏంజెల్స్ వస్తే తొట్టంతా తమదని జెండా పాతేస్తాయి.

ప్రశ్న: నాలుగింటిలో రెండు ఏంజెల్స్ ఫిల్టర్ గొట్టాన్ని రోజంతా పొడుస్తూ, మిగతా రెంటినీ మూలకు తరుముతున్నాయి. నిన్న గొట్టం మీద గుడ్లు కనిపించాయి, ఇవాళ సగం తెల్లబడ్డాయి. జబ్బా?

జవాబు: జబ్బు కాదు, జంట కట్టాయి. ఆ పొడవడం గుడ్లు పెట్టే చోటును నోటితో శుభ్రం చేయడం. నిలువుగా ఉన్న ఆకు, గొట్టం, ఒక్కోసారి అద్దం కూడా ఎంచుకుంటాయి. ఆడది పొట్ట ఆనించి వరసగా గుడ్లు అతికిస్తూ పోతుంటే మగది అదే వరసలో వెనకే వస్తుంది. తెల్లబడ్డవి ఫలదీకరణ కానివి, వాటికి బూజు పడుతుంది. బాగున్నవి రెండు, రెండున్నర రోజుల్లో పిగులుతాయి, మరో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదుతాయి. మొదటి రెండు మూడుసార్లు పెట్టిన గుడ్లను తల్లిదండ్రులే తినేయడం మామూలే, టెన్షన్ పడకండి. అన్నీ తెల్లబడుతుంటే మాత్రం రెండూ ఆడవే అయ్యుండొచ్చు, అలా కూడా జత కడతాయి.

ఆలోచించాల్సింది మూలకు చేరిన ఆ రెండింటి గురించి. మూడడుగుల తొట్టిలో జంట కట్టాక మిగతావాటికి చోటుండదు, రెక్కలు చిరిగేదాకా చూడకుండా వేరే తొట్టిలోకి మార్చండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి.

ప్రశ్న: ఫిల్టర్‌ని వారానికోసారి కుళాయి కింద శుభ్రంగా కడుగుతున్నాను. అయినా చేపలు నీరసంగా ఉంటున్నాయి.

జవాబు: ‘అయినా’ కాదు, ‘అందుకే’. మొదటి జవాబులో చెప్పిన బ్యాక్టీరియాను వారం వారం కుళాయి కింద క్లోరిన్‌తో కడిగేస్తున్నారు. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి, ఆ తీసిన నీళ్లలోనే స్పాంజిని నెలకోసారి రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. అది మట్టి రంగులోనే ఉంటుంది, ఉండనివ్వండి.