హెవీవెయిట్‌లో దెబ్బకు దొరకని అబ్బాయి 80 కిలోలకు దిగితే రాణిస్తాడా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 93 కిలోలు. బాక్సింగ్‌లో 90 కిలోలు పైబడిన విభాగంలో ఆడుతున్నాడు. వంద కిలోలు దాటినవాళ్లకు కూడా దొరకడు గానీ, వాడి పంచ్‌కు వాళ్లూ చలించడం లేదు. 80 కిలోలకు దిగితే పతకాలు ఖాయమని పట్టుబడుతున్నాడు. ఒప్పుకోమంటారా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: 80కి ఒప్పుకోకండి. 90కి దింపండి. అక్కడ ఒక సీజన్ ఆడాకే తర్వాతి మాట.

మీవాడి తరహా బాక్సర్ క్రిస్ బర్డ్. అమెరికాలోని ఫ్లింట్‌లో పుట్టాడు, ఎడమచేతి వాటం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 75 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. ప్రొఫెషనల్ అయ్యాక బరువు పెంచి, 210 పౌండ్లకు అటూఇటూగా, అంటే దాదాపు 95 కిలోలతో, తనకంటే ఎంతో పెద్దవాళ్లను ముప్పుతిప్పలు పెట్టాడు. 2002లో ఎవాండర్ హోలీఫీల్డ్‌ను ఓడించి ఐబీఎఫ్ (ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) హెవీవెయిట్ టైటిల్ గెలిచి, 2006 దాకా నిలబెట్టుకున్నాడు. 2007 అక్టోబరులో పొవెట్‌కిన్ చేతిలో ఓడాక, మధ్యలో ఉన్న క్రూజర్‌వెయిట్‌ను వదిలేసి ఏకంగా 175 పౌండ్ల లైట్ హెవీవెయిట్‌కు దిగాడు. అంటే 79.4 కిలోలు. 2008 మేలో షాన్ జార్జ్ అతణ్ని 9వ రౌండ్‌లో ఓడించాడు. అప్పటికి బర్డ్‌కు 37 ఏళ్లు, వయసూ ఒక కారణమే. కానీ ఎడ్డీ చాంబర్స్ కూడా ఇలాంటి చిన్నపాటి హెవీవెయిటే. 2013లో, 31 ఏళ్లకే, క్రూజర్‌వెయిట్‌కు దిగితే అక్కడ మొదటి పోటీలోనే థబిసో మ్చును చేతిలో పాయింట్ల మీద ఓడిపోయాడు.

ఎందుకిలా అవుతుందో మీ అబ్బాయికి రింగ్‌లోనే చూపించవచ్చు. భారీ శరీరాలవాళ్లు ఎక్కువగా ఒకటో రెండో పంచ్‌లు విసిరి ఆగుతారు. మీవాడు తల వెనక్కి వాల్చి ఆ రెండూ తప్పించుకుని, వాళ్లు కాళ్లు సర్దుకునేలోపు పక్కకు జరిగిపోతాడు. 80 కిలోలవాడు అలా ఆగడు. జాబ్, క్రాస్, హుక్, మళ్లీ క్రాస్, ఇలా నాలుగు పంచ్‌లు వరసగా వస్తాయి. వెనక్కి వాలిన తల తిరిగి నిటారుగా వచ్చేసరికి మూడోది అక్కడే ఉంటుంది. వంద కిలోలవాళ్ల పక్కన చురుకుగా కనిపించే కాళ్లు ఇక్కడ మామూలు కాళ్లు.

అందుకే బరువు తగ్గించకముందే పరీక్ష పెట్టించండి. 80, 85 కిలోల బాక్సర్లతో ఓ ఆరు స్పారింగ్‌లు (సాధన పోటీలు), ఒక్కోటి 3 నిమిషాల చొప్పున 3 రౌండ్లు, అన్నీ వీడియో తీయాలి. కోచ్‌తో కూర్చుని లెక్కపెట్టండి: ఎదుటివాడి మూడో, నాలుగో పంచ్ ఎన్నిసార్లు తగిలింది, చివరి రౌండ్‌లో ఆ సంఖ్య ఎంత పెరిగింది. ఎవరు గెలిచినట్టు కనిపించారన్నది పట్టించుకోవద్దు.

ఇక ఒంటి లెక్క. డెక్సా స్కాన్ చేయిస్తే కొవ్వు ఎంతో తెలుస్తుంది. 20 శాతం వచ్చిందనుకోండి: 93లో 18.6 కిలోలు కొవ్వు, మిగతాది 74.4. ఆ 74.4 చెక్కుచెదరకుండా కొవ్వు 12 శాతానికి తెస్తే బరువు 84.5 అవుతుంది. 80కి రావాలంటే కొవ్వు 7 శాతానికి పడిపోవాలి. అలా నెలల తరబడి సాధన చేయలేడు, కండే కరుగుతుంది. దెబ్బలో బలం కోసం దిగినవాడు ఆ బలాన్నే పోగొట్టుకుంటాడు.

చివరి రోజుల్లో నీళ్లు మానేసి తూకం సరిచేసుకుంటానంటే అస్సలు ఒప్పుకోవద్దు. ప్రొఫెషనల్స్ సాధారణంగా ముందురోజే తూగుతారు, రాత్రి తిని కోలుకుంటారు. మీవాడు ఆడే అమెచ్యూర్ టోర్నీలో బౌట్ (పోటీ) ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం ఉంటుంది. 2024 పారిస్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగాట్‌ను ఫైనల్‌కు దూరం చేసింది 100 గ్రాములే. నీరు తీసే మాత్రలైతే డోపింగ్ కింద నిషేధం. పైగా నీరు తగ్గిన శరీరంతో తలకు దెబ్బలు తినడం ప్రమాదం.

90కి దిగడానికి, తూకంలో అర కిలో వెసులుబాటు కలుపుకున్నా, తగ్గాల్సింది మూడున్నర కిలోలే. వారానికి అర కిలో చొప్పున ఏడు వారాలు. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే చాలు: సాయంత్రం బజ్జీలు, కూల్‌డ్రింకులు, రాత్రి రెండోసారి వడ్డించే అన్నం. సాధనకు ముందు తినే అన్నం మాత్రం తగ్గించొద్దు. గుడ్లు, చికెన్, పప్పు, పెరుగు కలిపి రోజుకు 160 గ్రాముల ప్రోటీన్ అందాలి. రోజూ పరగడుపున తూచి వారం సగటు చూడండి. రెండు వారాలకోసారి నిలబడి ఎంత ఎత్తు ఎగురుతున్నాడో గోడ మీద గుర్తు పెట్టండి. ఆ ఎత్తు తగ్గుతుంటే బరువు మరీ వేగంగా పోతోందని అర్థం.

అమెచ్యూర్ బాక్సింగ్ అంతర్జాతీయ సంస్థ వరల్డ్ బాక్సింగ్ పురుషుల విభాగాల్లో 80, 85, 90, 90 పైన ఉన్నాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మాత్రం 85 లేదు. రైల్వేల్లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లలో ఏ బరువు విభాగంలో ఖాళీ ఉందో, ఏ స్థాయి పోటీల సర్టిఫికెట్లు, ఏ ఏడాది నుంచి లెక్కలోకి వస్తాయో ముందే చూసుకోండి. ఈ ఏడు వారాలూ సెమిస్టర్ పరీక్షల్లో పడకుండా, అవి అయిపోయిన మర్నాటి నుంచే మొదలుపెట్టించండి.