వినిపించని పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసు: ముందు అలసట తగ్గించండి

మీ అబ్బాయికి వినిపించదనీ, ఆన్‌లైన్ క్లాసులో అరగంటకే విసిగిపోయి "నాకు చదువు రాదు" అంటున్నాడనీ, పక్కన కూర్చుని మీరే అంతా చెప్పాల్సి వస్తోందనీ రాశారు. టెన్షన్ పడకండి, ఇది తెలివికి సంబంధించిన సమస్య కాదు. వినే పిల్లలు టీచర్ మాట వింటూనే స్లైడు చూస్తారు, నోట్సు రాసుకుంటారు. మీ అబ్బాయికి సైగలు, క్యాప్షన్లు (తెర మీద అక్షరాల్లో కనిపించే మాటలు), స్లైడు అన్నీ కళ్లతోనే. తల వంచి ఒక వాక్యం రాసుకునేలోపు రెండు వాక్యాలు పోతాయి. అలసిపోకుండా ఎలా ఉంటాడు?

అందుకే స్లైడ్లు, కొత్త పదాల పట్టిక ఒక రోజు ముందే పంపమని టీచర్‌ను అడగండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఆటోమేటిక్ క్యాప్షన్లు ఎక్కువగా పేర్ల దగ్గర, శాస్త్ర పదాల దగ్గరే తప్పుతాయి. పదం ముందే చూసి ఉంటే ఆ తప్పును పిల్లాడే పట్టేస్తాడు. సైగల్లో చెప్పేవారి వీడియోను పిన్ చేసి, అంటే తెర మీద కదలకుండా నిలిపి, పెద్దగా పెట్టండి. రికార్డింగు ఉంటే నోట్సు తర్వాత ఆపి ఆపి రాసుకోవచ్చు. మధ్యలో కళ్లకు విరామం తప్పనిసరి.

ఇక మీ సాయం గురించి. పక్కన ఉండండి, కానీ అతని బదులు జవాబు చెప్పకండి. "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అని చాట్‌లో తననే టైపు చేయనివ్వండి. మొదట్లో ఆలస్యమవుతుంది, ఫర్వాలేదు. మీరూ సైగల భాష నేర్చుకుంటే పాఠం గురించి ఇద్దరూ హాయిగా మాట్లాడుకోవచ్చు. తనలాగే వినిపించని మరో విద్యార్థితో వీడియో కాల్‌లో కలిసి చదివే వీలుంటే ఈ వారమే మొదలుపెట్టండి.