తలుపు కొరికే కుక్కకి ట్రైనర్ కావాలా, డాక్టర్ కావాలా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా కుక్కకి మూడేళ్లు, మేం ఇంట్లో ఉంటే అసలు ఉన్నట్టే తెలీదు. రెండు నెలల నుంచి నేను కూడా ఆఫీసుకి వెళ్తున్నా, అప్పట్నుంచి తలుపు చెక్క కొరికేయడం, హాల్లో పాస్ పోసేయడం, ఒకటే అరుపులు, పక్కింటివాళ్లతో రోజూ గొడవే. ఒక ట్రైనర్‌ని అడిగితే దానికి బాస్ ఎవరో చూపించాలి, షాక్ కాలర్ వెయ్యండి అన్నాడు. మా వారేమో కుక్కకి కూడా సైకాలజిస్టా అని నవ్వుతున్నారు. ఏం చెయ్యను?

జవాబు: ముందు ఆ కాలర్ కొనకండి, మీ వారిని నవ్వనివ్వండి. రేపు వెళ్లేటప్పుడు ఒక పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి తలుపు కనపడేలా పెట్టి వెళ్లండి. మీరెళ్లిన మొదటి అరగంటలోనే అటూ ఇటూ తిరగడం, రొప్పడం, తలుపు దగ్గరే గీకడం, నేల మీద చొంగ మడుగు కనిపిస్తే అది పొగరు కాదండీ, ఒంటరిగా ఉండలేని భయం. సోఫా కొరికి హాయిగా పడుకుంటే మాత్రం బోర్ కొట్టిందని, అది వేరే కథ.

ఆ వీడియో పట్టుకుని మొదట వెళ్లాల్సింది పశువుల డాక్టర్ దగ్గరికే. మీరున్నప్పుడు కూడా పాస్ ఆపుకోలేకపోతోందా అని అడుగుతారు, యూరిన్ టెస్ట్ చేస్తారు, ఎందుకంటే ఇన్ఫెక్షన్ ఉంటే ఎంత ట్రైనింగ్ ఇచ్చినా దండగే. భయం బాగా ఎక్కువుంటే ఫ్లుయాక్సెటిన్ లాంటి మందు రాస్తారు, అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, మనుషుల టాబ్లెట్ మీరే తెచ్చి వేసేయకండి.

ఆ తర్వాతే ట్రైనర్. చాలాచోట్ల ఎవరైనా బోర్డు పెట్టేసుకోవచ్చు, లైసెన్సూ గట్రా ఏం అక్కర్లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న అడగండి, "కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?" అని. గొలుసు లాగుతా, షాక్ ఇస్తా అంటే దండం పెట్టి వచ్చేయండి. తోడేళ్ల గుంపుకి ఒక బాస్ ఉంటాడు, కాబట్టి కుక్కకీ బాస్ ఎవరో చూపించాలి అనే ఈ గోల బాగా పాకింది డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల సైంటిస్టు 1970లో రాసిన పుస్తకంతో, పాపం ఆయనే 1999లో, అడవిలో తోడేళ్ల గుంపంటే మామూలుగా అమ్మానాన్నా పిల్లలే అని రాశాడు, కానీ అది ఎవరూ చదవలేదు లెండి!

మంచి ట్రైనర్ అయితే మీకే హోంవర్క్ ఇస్తాడు. తాళాలు తీసుకుని వెళ్లకుండా మళ్లీ కూర్చోవడం, తలుపు దాటి అయిదు సెకన్లలో వెనక్కి రావడం, కంగారు పడట్లేదంటేనే టైమ్ పెంచడం. నెలలు పడుతుంది. ఈలోపు దాన్ని ఒంటరిగా వదలకుండా ఎవరినైనా ఉండమనండి.

ప్రశ్న: మా మగ పిల్లి రెండ్రోజులుగా మట్టి ట్రే వదిలేసి బాత్రూమ్ మూలకెళ్లి కూర్చుంటోంది, ముక్కుతోంది కూడా. ట్రైనర్‌ని పిలవాలా?

జవాబు: ముక్కుతున్నా చుక్క రావట్లేదంటే మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు, మగ పిల్లుల్లో ఇది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. చదవడం ఆపి ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.